టైపిస్టు వేళ్లు

ఇంట్లో హీటర్ చచ్చిపోయింది కాబట్టి వెళ్లాను,
సినిమా కోసం కాదు.
ట్రియెస్టెలో ఫిబ్రవరి. బోరా గాలి
వీధి మలుపులో మనిషిని కాలరు పట్టుకుని నిలదీసే రోజు.
కింది వాటా గ్వాల్తియేరో
రైల్వే కార్మికుల హాల్లో శనివారాలు పాత రీళ్లు ఆడిస్తాడు.
"హాలు వెచ్చగా ఉంటుంది, నీవెస్" అన్నాడు.
ఆ ఒక్క మాటకే కోటు తగిలించుకున్నాను.

గుమ్మం దగ్గర పోస్టరు. పేరులో ఒక జంతువు, ఒక అంకె.
నల్ల చేతి తొడుగు, మంగలి కత్తి, నోరు తెరిచిన అమ్మాయి.
డెబ్బై మూడులో తీసిందట.
నాకు నవ్వొచ్చింది.
ముప్ఫై ఒక్కేళ్లు పోలీసు కార్యాలయంలో టైపు కొట్టినదాన్ని.
హత్యలు నాకు మూడేసి కాపీల్లో తెలుసు,
మధ్య మధ్య కార్బన్ కాగితంతో.
నిజం హంతకులు తొడుగులు వేసుకోరు.
ఒకడు చేపల దుకాణం ఏప్రన్‌తోనే వచ్చి కూర్చుని
మంచినీళ్లు అడిగాడు.
సంతకం పెట్టబోతూ, తన పేరులో ఒక అక్షరం తప్పు పడిందని
ఎంతో మర్యాదగా చెప్పాడు.

మొదటి పావుగంట నేననుకున్నట్టే నడిచింది.
అది రక్తమా? తలుపులకు వేసే రంగు.
పెదాలు ఒక ఊళ్లో, మాటలు ఇంకో ఊళ్లో.
ముందు వరుసలో ఇద్దరు కుర్రాళ్లు పగలబడుతున్నారు.
నేను సంచిలోంచి అల్లిక తీశాను.

తర్వాత ఎప్పుడో సూదులు ఆగిపోయాయి.
మెట్లు. ఖాళీ మెట్లు, అంతే.
పైన ఎవరో దీపం ఆర్పారు. సంగీతం కూడా ఆగింది.
ఒక పాల సీసా
ఒక్కో మెట్టూ
దిగుతూ వచ్చి, చివరి మెట్టు మీద నిలబడి
కాసేపు ఆలోచించింది.
అప్పుడే నా ఒళ్లో ఊలు ఉండ జారి
కుర్రాడి కాళ్ల మధ్యకు దొర్లింది.
వాడు కెవ్వుమన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఇక అసలు సంగతి.
పక్క గదిలో ఇన్‌స్పెక్టరు ఎవరినో గద్దిస్తున్నాడు.
కెమెరా అటు పోవాలి కదా, పోలేదు.
తలుపు పక్కన టైపిస్టు దగ్గర ఆగింది.
ఆ పిల్లకు పేరు లేదు, ఒక్క మాటా లేదు.
పగిలిన కిటికీకి అట్టముక్క అంటించి ఉంది.
ఆమె వేళ్లు దగ్గరకు చేర్చి
రెండుసార్లు నోటి ఆవిరి ఊదుకుంది.
మసి అంటిన బొటనవేలు స్కర్టు అంచుకు తుడుచుకుంది,
లోపలి అంచుకు! బయటికి మరక కనపడకుండా.
మళ్లీ మొదలెట్టింది.

కథకు దాంతో పనే లేదు.
చివరిదాకా కాచుకుని చూశాను,
ఆ వేళ్లు ఏ ఆధారమూ కాలేదు, ఎవరినీ పట్టివ్వలేదు.
మరి ఎవరు చూశారు? ఎవరు చెప్పారు వాళ్లకు?
నా గదిలోంచి ఏడుగురు అధికారులు వచ్చారు, పోయారు.
నాకు వేళ్లున్నాయని, వాటికి చలేస్తుందని
ఒక్కడికీ తెలియదు.
చవకబారు కత్తుల సినిమావాడికి తెలుసు.

హంతకుడి సంగతా?
గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే నోటరీని
అరగంట ముందే పట్టేశాననుకున్నాను.
కాదు. ప్రతి శవయాత్రకూ పూలు కట్టిచ్చిన ముసలామె.
నా వయసే ఉంటుంది. బాగా చేసింది.

లైట్లు వెలిగాక గ్వాల్తియేరో నా మొహంలోకి చూశాడు.
"వాంగ్మూలానికి తేదీ వేయలేదు" అన్నాను కటువుగా.
కుర్రాడు ఊలు ఉండ చుట్టి తెచ్చిచ్చాడు,
కళ్లు నేలకేసి.

ఎత్తు వీధిలో తాడు పట్టుకుని ఎక్కుతుంటే
గాలి నన్ను రెండడుగులు వెనక్కి నెట్టింది.
హీటర్ మనిషి గురువారం వస్తానన్నాడు.
ఫోన్ చేసి చెప్పాలి,
అంత తొందరేం లేదని,
వచ్చే శనివారం దాటాక రమ్మని.