డెబ్బై మూడో పేరు

కాశీబుగ్గ రైలు గేటవతల
జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళ సంఘానికి
పుస్తకం రాసేదాన్ని నేనే.
పదో తరగతి దాటలేదు గానీ
నా దస్తూరీ ముత్యాలని
మా పెద్దాడపడుచు కూడా ఒప్పుకుంటుంది.

మొదట్లో డెబ్బై ఇద్దరం.
ఏ బట్టీలో కిలోకి ఎంతిచ్చారు,
ఎవరి కాటా మొగ్గుతోంది,
ఎవరి చేతికి బొబ్బలెక్కాయి,
అన్నీ ఫోన్లోనే చెప్పుకునేవాళ్ళం.
రాయడం రానివాళ్ళు గొంతు పంపేవారు.
ఆ గొంతుల వెనక
పిక్క పగిలే చప్పుడు.

ఆషాఢంలో ఐదు పేర్లు కొత్తగా వచ్చాయి.
పైల ఈశ్వరమ్మ, తామాడ సుగుణ,
దున్న రాజేశ్వరి, గేదెల మణి,
ఇంకొకామె, ఇంటిపేరు లేని పద్మావతి.
ఒక్కరూ గొంతు విప్పరు. రాస్తారంతే.
'సమ్మె వద్దు' అంటుంది ఒకతె.
'నిజమే' అంటుంది ఇంకొకతె.
'చందా డబ్బు నీలవేణి ఇంటి రేకులయ్యింది'
'నేనూ విన్నాను'
'నేనూ'
'నేనూ'

నెల తిరక్కుండానే
ఒకే పీట మీద ఎదురెదురుగా కూర్చునే తోడికోడళ్ళు
వీపులు తిప్పుకుని పిక్కలు కొట్టారు.
మా ఇంటి రేకుల్ని
వీధంతా తలెత్తి చూసింది.

రాత్రుళ్ళు కూర్చుని చదివాను.
బెండి గేటు వైపు కరెంటు పోతే
ఐదుగురూ ఒక్కసారే మూగబోతారు.
ఐదుగురూ కూలిని
'కూళి' అని రాస్తారు.

ఆ ళ నాకు తెలుసు.
పదకొండేళ్ళుగా శనివారం శనివారం
నా చేతిలో పెట్టిన చీటీ మీది ళ అది,
బట్టీ గుమస్తా సాసుమాన జోగారావుది.
దాని కిందే కదా
నేను సంతకం పెడుతూ వచ్చాను.

ఐదు పేర్లూ పీకేశాను.
ఆ ఊపులోనే ఆరోది కూడా.
ఎవరో, ఎప్పుడూ పలకని మనిషి,
ఒక్కసారి, ఒక్క ముక్క రాసింది:
'నాకు అదే కూళి'.
ళ చూశాను. చాలనుకున్నాను.

ఇక మీదట వేలిముద్ర లేనిదే
ఎవరికీ చోటు లేదని తీర్మానం రాశాను,
ముత్యాల్లాంటి అక్షరాలతో.

మర్నాడు అసిరితల్లి అప్ప వచ్చి
సిరాలో బొటనవేలు ముంచి అద్దింది.
నున్నగా, వంకాయ తొక్కలా పడింది మరక.
గీత లేదు. రెండో వేలు. లేదు.
ముప్పై ఏళ్ళ జీడి నూనె
ఒక్కో గీతా తినేసింది.
రేషను మిషను దగ్గర ఇప్పటికే
ఆమె ఆమె కాదు.
'ఏటే నీలవేణీ,
జీడికి తెలుసు నానెవుర్నో,
నీ పుస్తకానికి తెలీదేటి?'
అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
ఐదు పేర్లున్నవాడి వేళ్ళు
గీతలతో నిండుగా ఉన్నాయి.

ఆ వెనకే నిల్చుంది బిసాయి దమయంతి.
మందస వైపు మనిషి, ఇంట్లో ఒడియా.
ఆరో పేరు తనదని
తను చెప్పలేదు, పక్కామె చెప్పింది.
బడి లేదు, పలక లేదు.
బట్టీ చీటీలు దాచుకుని
వాటిని చూసి చూసి
అక్షరాలు దిద్దుకుందట.
పదిహేను రోజులు పట్టిందట
ఆ ఒక్క ముక్క రాయడానికి.

తీర్మానం కొట్టేశాం.
కొత్తగా వచ్చే మనిషి
ఒక మధ్యాహ్నం మాతో కూర్చుని
బూడిద చేతికి రాసుకుని పిక్కలు కొట్టాలి.
ఇద్దరు లేచి 'మా మనిషే' అనాలి.
ఇదీ గట్టి తలుపేమీ కాదు.
జోగారావుకీ మేనత్తలున్నారు.

దమయంతి కోసం ఇద్దరు లేచారు.
అందులో ఒకతె
నాతో నెల రోజులుగా మాట్లాడని మనిషి.

డెబ్బై మూడో గడి ఆమె ముందుకు జరిపాను.
వేలు అద్దబోయి ఆగి, కలం అడిగింది.
పేరు రాసింది. పనీ రాసింది:
'జీడి కూళి'.

దిద్దుదామని చెయ్యి చాపి
పుస్తకం అలాగే తెరిచి పెట్టాను,
సిరా ఆరేదాకా.