మూలకొకళ్ళం

పదహారు వందల మీటర్లు, పదిన్నర నిమిషాలు.
కానిస్టేబుల్ కావాలంటే అంతే, అంటుంది కెజియా.
అంతే అంట!
ఆ పదహారు వందలు ఈ గుంటూరులో
ఎక్కడ పరిచి ఉన్నాయో ఎవరూ చెప్పరు.

స్టేడియం గేటు దగ్గర కార్డు అడిగారు.
కాలేజీ గ్రౌండులో ఎవరిదో రిసెప్షన్,
గడ్డి నిండా ప్లాస్టిక్ గ్లాసులు, ఇంకా పీకని షామియానా గుంజలు.
ఏటుకూరు రోడ్డున నాలుగు రోజులు పరిగెత్తింది,
ఐదో రోజు టిక్కీల లారీ ఒకటి
గాలితోనే దాని జడని ఇటు నుంచి అటు తిప్పి పోయింది.
బైపాస్ పక్కన ఒక బండివాడు
వేగం తగ్గించి, తగ్గించి,
అర కిలోమీటరు పక్కనే వచ్చాడు.
ఏమీ అనలేదంట.
ఏమీ అనలేదని
ఇంటికొచ్చి మూడు సార్లు చెప్పింది.

నేను మిరపకాయల ముచ్చికలు తీసే మనిషిని.
కిలోకింత అని లెక్క తెలుసు గానీ
మీటరుకింత భయమని తెలీదు అప్పటికి.

మన వీధి చుట్టూనే తిప్పుదాం పిల్లని, అంది మస్తాన్‌బీ.
టైలరు టేపు తెచ్చి కొలవబోతే
రెండో ఇంటికే నడుములు పట్టాయి.
చివరికి ఎస్తేరు మొగుడి బండి మీటరు చూసి తేల్చాం:
చుట్టు తిరిగితే నాలుగు వందలు, అటూ ఇటుగా.
నాలుగు చుట్లు. నాలుగు మూలలు.
మూలకొకళ్ళం.

తెల్లారి నాలుగున్నరకి
పాలబూతు మూల మస్తాన్‌బీ, చేతిలో చీపురు, ఊడుస్తున్నట్టు.
ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎస్తేరు, దుప్పటి కప్పుకుని, ఆవలిస్తూ.
చర్చి గోడ మూల వెంకాయమ్మ గారు కుర్చీ వేసుకుని,
ఒక కన్ను ఆనదు ఆవిడకి,
కుక్కలకి మాత్రం ఆవిడంటే హడల్.
మా గుమ్మం మూల నేను, ఫోన్లో టైము పట్టుకుని.
మూత లేని మ్యాన్‌హోల్ మీద మా విరిగిన స్టూలు,
కార్పొరేషన్‌కి అరువు.

పిల్ల మూల దాటగానే ‘ఆ, వచ్చింది’ అని కేక.
పై మూల అందుకునేది.
అది కనపడని చోట
మా గొంతులు పరిగెత్తేవి దాని పక్కన.
పన్నెండు నలభై. పన్నెండు పది. పదకొండున్నర.

ఫిబ్రవరిలో యార్డుకి కొత్త కాయ దిగింది.
ఎస్తేరు కోల్డ్ స్టోరేజీలో రాత్రి పనికి పోయింది.
ఒక్క మూలే కదా అనుకున్నాం.

మూడో చుట్టు.
మస్తాన్‌బీ ‘ఆ, వచ్చింది’ అంది.
తర్వాత ఏ గొంతూ లేదు.
‘ఏదీ?’ అన్నారు వెంకాయమ్మ గారు.
ఫోన్లో అంకెలు మాత్రం ఆగకుండా పోతున్నాయి.

పరిగెత్తాను.
పెళ్ళయ్యాక ఎప్పుడు పరిగెత్తానో, బస్సు కోసం తప్ప గుర్తులేదు.
కుచ్చిళ్ళు ఒక చేత, ఫోను ఒక చేత,
ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది,
ఇరవై ఏళ్ళ కారం
ఒక్కసారే గొంతులోకి లేచింది.

ట్రాన్స్‌ఫార్మర్ కింద కూర్చుని ఉంది కెజియా.
బూటు లేసు తెగితే ముడేస్తోంది.
తలెత్తి నన్ను చూసి, నా కాలు చూసి,
‘చెప్పేదమ్మా?’ అంది.

నాకు మాట రాలేదు. దగ్గు వచ్చింది.
వీపు నిమిరి, టైము పోతోందని
మళ్ళీ పరుగు తీసింది.

నేను అక్కడే నిలబడిపోయాను,
ఒంటి చెప్పుతో, ఆ ఖాళీ మూలలో.
ఎవరో ఒకరు ఉండాలి కదా.
మా గుమ్మం మూల ఇప్పుడు ఖాళీ అని
నాలుగో చుట్టుకి గానీ గుర్తు రాలేదు.