ఒంటి మేజోడు

కొచ్కోర్ దాటకముందే బండి పొలమారడం మొదలెట్టింది.
ఎక్కుడులో కాలు అదిమితే
వెక్కిళ్ళు పట్టిన పిల్లలా గుంజుకుంటోంది.
స్టీరింగ్ వెనక పసుపు దీపం
రెప్ప వేస్తోంది, తీస్తోంది.
కురుత్ మూట ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడ
వెనక సీట్లోంచి అంది:
"నీ గుర్రానికి గిట్ట నొస్తోందమ్మా."

ఎసెన్‌కుల్ షెడ్డుకి తలుపు లేదు, పాత తివాచీ వేలాడుతుంది.
ఒక చెవి ట్యాంకుల దళంలో పోగొట్టుకున్నాడు.
రెండోది సగం పనిచేస్తుంది,
ఆ సగంతోనే జిల్లా ఇంజన్లన్నీ వింటాడు.
బానెట్ ఎత్తి
నడుస్తున్న ఇంజన్ మీదికి వంగి
కాయిల్ వైర్లు ఒక్కోటీ ఊడదీశాడు.
మొదటిది తీస్తే ఇంజన్ తూలింది. పెట్టేశాడు.
రెండోది, తూలింది.
మూడోది తీస్తే
ఏమీ కాలేదు.
అదే కుంటి శబ్దం, అదే పచ్చి పెట్రోలు వాసన.
"ఇదే" అన్నాడు.
"తీసేసినా తేడా తెలీకపోతే అది చచ్చినట్టు."

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది గానీ
టార్చి పట్టుకుని ఉన్నాను, చెయ్యి కదపకూడదు.

బయటికి లాగితే జానెడు నల్ల బొమ్మ,
మెడ దగ్గర వెంట్రుకంత పగులు.
కిందికి దిగాల్సిన నిప్పు
ఆ పగుల్లోంచి పక్కకి జారి
ఇనుముని నాకి ఊరికే పోతోందట.
"ఒక్కటే మార్చు" అన్నాను, పర్సు తెరవకుండా.
"బుర్మకాన్, నలుగురూ ఒకే కాన్పు.
ఇరవైమూడు చలికాలాలు ఒకే వేడిలో ఉడికారు.
ఒకడు పోయాడంటే
మిగతా ముగ్గురూ చెప్పులు తొడుక్కుంటున్నట్టే."

నాలుగు కొత్తవి,
ఒక గొర్రె ధర, కొవ్వు తోకతో సహా.

గుంతల్లో నూనె తుడిచాడు.
రబ్బరు గొట్టం లోపల చిటికెడు తెల్ల కందెన రాశాడు.
చివరిది నా చేతికిచ్చి
"టక్కుమని వినబడేదాకా నొక్కు" అన్నాడు,
ఆ టక్కు తను వినలేడు.
వినబడిందని తలూపాను.
తాళం తిప్పితే
పొయ్యి మీద కెటిల్ మూత ఆడడం ఆపినట్టు
ఇంజన్ కుదురుకుంది.

పాతవి పారెయ్యొద్దన్నాడు.
జత పోయిన ఉన్ని మేజోడు ఒకటుంటే అందులో వేశాను.
చచ్చినదానికి గుర్తుగా దారం కట్టాలి.
టీ వచ్చింది, మర్చిపోయాను.

రెండు వారాలకి దొలోన్ కనుమ పైన,
మంచు అడ్డంగా కొడుతుంటే
బానెట్ ఎత్తిన ఆడీ.
దాని ముందు ఒకడు
బావిలో చెంబు జారినవాడిలా లోపలికి చూస్తున్నాడు.
వెనక సీట్లో దుప్పటి కప్పిన దూడ.
అదే ఇంజన్, నా దానికి మేనత్త కూతురు.
వేళ్ళు నోట్లో పెట్టి వెచ్చజేసుకుని
ఒక్కో వైరూ తీశాను.
ఎసెన్‌కుల్ లాగే
తల ఒకవైపుకి వంచి విన్నాను.
రెండోది తీస్తే తేడా లేదు.

మేజోడులో చెయ్యి పెట్టాను.
పైకొచ్చింది బిగించాం,
ఉలుకూ పలుకూ లేదు.
నవ్వొచ్చింది:
చచ్చినదే ముందు చేతికి తగులుతుంది.
దాని మెడకి నా శాలువా పోగొకటి తెంపి కట్టాను.
ఇంకోటి బిగించాం.
ఇంజన్ ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.
దూడ చెవి నిక్కించింది.

అతను డబ్బు తీశాడు. వద్దన్నాను.
అయితే దూడ పేరు నన్నే పెట్టమన్నాడు.
ఏం పేరు పెట్టానో ఇప్పుడు గుర్తులేదు,
గాలికి సగం ఎగిరిపోయింది.

నరిన్ వైపు దిగుతుంటే
తలుపు అరలో మేజోడు
గులకరాళ్ళ సంచిలా దొర్లుతోంది.
ముందు సీట్లో పిల్లాడు అడిగాడు, ఆ చప్పుడేంటని.
"నిప్పు" అన్నాను.
నమ్మలేదు.
మేజోడు తీసి, మూతి విప్పి,
చాలాసేపు వాసన చూశాడు.