మునిగే వరుస

ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చేశారని ఫోను.
తహసీల్దారు ఆఫీసు మేడ మీద
నేను జాబితా ముద్రిస్తున్నాను.
లంకల వారీగా ఇళ్ళు, ఇళ్ళ వారీగా మనుషులు,
మంచం పట్టినవాళ్ళు, చూలింతలు, పాడిగేదెలు,
పద్నాలుగు వందల పన్నెండు వరుసలు.
అంతా అకారాది. తప్పు ఒక్కటి లేదు.

పడవ సరంగు పల్లాలరావు సంతకానికొచ్చి
తడిచేతులు వెనక్కి కట్టుకుని
వంగి చదివాడు.
"అయ్యపులంక ముందెందుకండి?
మెరక కదండి అది.
ఎనభయ్యారులోనే అక్కడ పొయ్యి ఆరలేదు.
హంసలతిప్ప ఆఖర్నా?"

'హ' ఆఖర్న వస్తుందండి, అన్నాను.
ఆయన నవ్వలేదు.
"గోదారికి ఓనమాలు రావండి."

నీరు పల్లమెరుగు.
నా ప్రోగ్రాముకి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

అయితే మీరే చెప్పండి, ఏది ముందు?
కూర్చోలేదు. గాలిలో వేలితో పాయలు గీశాడు.
హంసలతిప్ప ఒకటి.
కందివారిలంక పడమటి వైపు రెండు,
తూర్పు వైపు కాదు, అది మర్నాటికి గాని మునగదు.
ఒక్క పేరుని రెండు ముక్కలు చేశాను.
"నాగులంకలో దారి ముందు తెగుద్దండి, ఇళ్ళు తర్వాత.
దారినే లెక్కేసుకోండి."
మూడు.
కొత్త గడిలో అంకెలు పడుతున్నాయి.
ఏ అక్షరానికీ చుట్టం కాని అంకెలు.

మరి లంక లోపల?
పసిపిల్లలా, ముసలాళ్ళా, ఎవరు ముందు?
"గేదెలండి."
తలెత్తి చూశాను.
"గేదె ఎక్కందే వెంకాయమ్మగారు ఎక్కరు.
ఆవిడ ఎక్కందే ఆ వీధి వీధీ ఎక్కదు."
అదీ రాశాను. ఏ పాఠంలోనూ లేని షరతు.

మళ్ళీ నడిపించాను.
వరుసలు ఒక్కసారి చెదిరి,
రేవులో జనంలా నెట్టుకుని, నిలబడ్డాయి.

అన్నిటికంటే పైన
అంకె లేని పదకొండు ఇళ్ళు.
గుబ్బలవారితిప్ప.
దీనికి మీరేం చెప్పలేదు, అన్నాను.

ఆయన కిటికీలోంచి వాన చూశాడు.
"అది లేదండి. నాలుగేళ్ళయింది, గోదారి కోసేసుకుని.
కార్డుల్లో ఉందంతే."

ఏడో వరుస చదివాను.
ఇంటి యజమాని పల్లాలరావు. పడవ ఒకటి. గేదెలు లేవు.

ఖాళీ గడుల్ని అడుక్కి తొయ్యడానికి
చిన్న మాట ఒకటుంది.
వేళ్ళు దాని దాకా వెళ్ళి ఆగిపోయాయి.
అలాగే ముద్రించి ఇచ్చాను.

ఆయన ఆ కాగితాన్ని
పాలిథీన్ సంచిలో పెట్టేముందు
పై పదకొండు వరుసల్నీ జాగ్రత్తగా లోపలికి మడిచాడు.
గోటితో మడత మీద గీత గీశాడు.
హంసలతిప్ప పైకి వచ్చేట్టు పట్టుకుని
మెట్లు దిగిపోయాడు.