చల్లని చేయి

పైసాందూలో, నదివైపు దిగే వీధి చివర
నెలిదా షెడ్డు.
పేరు రాసిన పలక లేదు,
బెడ్‌ఫోర్డ్ లారీ ముఖమొకటి గోడకు వేలాడుతుంది.

తేనెపెట్టెల ఒలెగారియో తెచ్చిన తలుపు
బల్లమీద వెల్లకిలా పడుంది.
ఎద్దు పొడిచిందట.
సొట్ట ఎవరో తీశారు, తెలియని సుత్తితో.
ఇక్కడ నొక్కితే అక్కడ లేస్తుంది, టప్పుమని.
అక్కడ నొక్కితే ఇక్కడ.
రెండు పక్షాల డబ్బూ తిన్న సాక్షి.

"కొట్టి పెంచారు దీన్ని," అంది నెలిదా.
"పిండి ఒత్తినట్టు సాగింది.
ఇంకా కొడితే ఇంకా సాగుతుంది."

ఆమె పద్ధతి నాకు తెలిసిందే.
పెసో బిళ్ళంత చోట మంట,
మందారం రంగు వచ్చి రేకు బొబ్బలా లేచేదాకా.
కింద దాగలి, చుట్టూ నాలుగు చిన్న దెబ్బలు,
వెంటనే తడిగుడ్డ.
బుస్సుమంటుంది ఆవిరి,
సాగినది బెదిరి దగ్గరికొస్తుంది.

ఆ ఆవిరే ముప్పై ఏళ్లుగా
ఆమె వేళ్ల కొసల్ని తింటూ వచ్చింది.
పోయిన నెల గుర్తింపు కార్డు ఆఫీసులో
యంత్రం మూడుసార్లు మూలిగింది
ఆమె ముద్ర పట్టలేక.
గుమాస్తా అడిగాడు: "అమ్మా, నువ్వు నువ్వేనా?"

అందుకే చేశాను.

కసాయి రోసెందో పారేసిన ఫ్రిజ్ వీపునుంచి
రెండు మూరల రాగి గొట్టం.
గుండీ డబ్బా మూతంత ఇత్తడి గిన్నె,
దాని నోటికి రాగి బిళ్ళ.
ఒక గొట్టం నీళ్లు తెస్తుంది, ఒకటి బకెట్లోకి తీసుకుపోతుంది;
రేకుకి చుక్క తగలదు, తుప్పు పట్టదు.
నా మొదటి మాటు కారింది.
రెండోదీ కారింది.
మూడోసారి ఆకురాయితో మెరిసేదాకా గీకి, ఊపిరి బిగబట్టి పోశాను.
పిడి, విరిగిన రంపానిది.

నీళ్లకు నా మాతే ఫ్లాస్కు, మేకుకి తలకిందులుగా.
లోపల ఎక్కడో సన్నగా చిట్లి
పొద్దున పోసిన వేడినీళ్లని పదింటికే చల్లారుస్తోంది.
సగం పని దానికి ముందే వచ్చుననిపించింది.

నెలిదా తిప్పి తిప్పి చూసింది.
"నా వేళ్లే నా చెవులు. మధ్యలో దీన్ని పెడితే
రేకు మాట నాకెలా వినిపిస్తుంది?"
జవాబు లేదు నా దగ్గర.
టార్చి వెలిగించాను.

ఎక్కువ కాల్చాను. ఎక్కువసేపు అదిమాను.
తలుపు ఉపవాసం పొట్టలా లోపలికి పోయింది.
ఒలెగారియో బయట తేనెటీగల్ని తిడుతున్నట్టు ఎవరినో తిడుతున్నాడు.

ఆమె ఏమీ అనలేదు. టార్చి తీసుకుంది.
కుంగినచోట దాగలి ఆనించి, సుత్తితో తట్టి తట్టి
నా తప్పుని వెనక్కి సాగదీసింది.
ఆ తర్వాతే, దూరంగా, ఇంకోచోట,
పప్పుబద్దంత ఎరుపు.
పొడిచూపు చూసి బిళ్ళ ఆనించింది.

శబ్దం రాలేదు.
ముప్పై ఏళ్లుగా వింటున్న బుస్సు రాకపోయేసరికి
ఆమె కాసేపు తెల్లబోయింది,
పక్కనున్న మనిషి గురక ఆగితే మెలకువ వచ్చినట్టు.
వంగి, చెంప రేకుకి ఆనించింది.
కాలిన చుక్క చుట్టూ నెమలికంఠం రంగు వలయం
నెమ్మదిగా ముడుచుకుంది.
"లాగుతోంది," అంది,
నాతో కాదు.

పదకొండు చుక్కలు పెట్టింది, నక్షత్రాల్లా కాదు,
తప్పిపోయిన ఆవుని వెతికినట్టు, అటూ ఇటూ.
తర్వాత బొటనవేలితో నడుమ నొక్కింది.
మళ్లీ నొక్కింది.
టప్పు లేదు.
సాక్షి ఒక్క మాట మీద నిలబడ్డాడు.

ఒలెగారియో సగం డబ్బిచ్చాడు, మిగతా సగం తేనె.
తలుపు వేసి చూశాడు, తీసి మళ్లీ వేశాడు.

సాయంత్రం మాతేకి నీళ్లు కాచి
ఫ్లాస్కు కోసం చేయి చాచాను,
అది మేకుకి వేలాడుతూ, చుక్క చుక్కగా కారుతూ ఉంది.
నాలుగో మాటు కావాలి.

నెలిదా తన గిన్నె నింపి, గొట్టం నావైపు తిప్పి ఇచ్చింది.
"రేపు నీది నువ్వు కొనుక్కో," అంది.
"అది ఇక నాది."