పదకొండో పేజీ

నగర పరిచయ గ్రంథంలో
పదకొండో పేజీ నా వంతుకొచ్చింది.
పైన ముందే అచ్చయి ఉంది: ప్రముఖ నివాసులు.
కిందంతా తెలుపు.
పన్నెండు పేర్లు, పేరుకి రెండు వాక్యాలు, శుక్రవారం లోపు.

మొదటి పది పేజీలూ ఎవరో రాసేశారు.
మూర్మన్‌స్క్. ధ్రువవృత్తానికి పైన
ఇంత పెద్ద ఊరు మరొకటి లేదు.
ఎక్కడో వెచ్చటి సముద్రంలో బయల్దేరిన నీళ్ళు
ఇంత దూరం వచ్చి మా గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటాయి,
అందుకే మా రేవు గడ్డకట్టదు.
డిసెంబరులో వెళ్ళిన సూర్యుడు
అప్పులవాళ్ళకి జడిసినవాడిలా
జనవరి దాకా కొండ వెనకే తచ్చాడుతుంటాడు.
మధ్యాహ్నం ఓ గంటసేపు నీలంగా
వాడి ఊపిరి మాత్రం తెలుస్తుంటుంది.

ఇక మనుషులు మిగిలారు.

కార్యాలయం పంపిన జాబితాలో
ఇద్దరు అడ్మిరల్స్, ఒక హాకీ వీరుడు,
ఏదో కనిపెట్టి మాస్కో వెళ్ళిపోయిన ఇంజనీరు.
అందరూ ఇక్కడివాళ్ళే. ఒక్కరూ ఇక్కడ లేరు.
నివాసి అంటే ఉండేవాడు కదూ, అనుకున్నాను.
కోటు తగిలించుకుని ట్రాలీబస్సెక్కాను.

దాన్ని నడిపేది కపితోలీనా.
తీగ మీద మంచు పేరుకుంటే
కర్ర పట్టుకుని తనే దిగుతుంది.
పైనుంచి జలజలా రాలిన నిప్పురవ్వలే
ఆ వీధికి ఆ పూట తెల్లవారడం.
"పేరు రాస్తే రాశావు గానీ
వయసు రాశావంటే మధ్యదారిలో దింపేస్తా" అంది.

పిల్లల బడిలో నర్సు రుఫీనా.
చీకటి నెలల్లో పసివాళ్ళకి నల్లద్దాలు పెట్టి
ఊదా దీపం చుట్టూ కూర్చోబెడుతుంది.
సూర్యుడంటే ఏమిట్రా అని అడిగాను ఒక బుడతణ్ణి.
"రుఫీనా అత్త మీట నొక్కితే వస్తుంది."

బజారు మూల ఉలియానా గల్కినా,
రెయిన్‌డీర్ తోలు చెప్పులు కుడుతూ.
ఆమె సామీ మాట తెలిసినవాళ్ళు
ఆ బజారు మొత్తంలో ఇద్దరే.
రెండో ఆవిడతో ఏడేళ్ళుగా మాటల్లేవు,
ఒక దుప్పి చర్మం బేరం దగ్గర తేడా వచ్చి.
మొన్న ఉలియానా తుమ్మింది.
అటు తిరిగి కూర్చున్న ఆ రెండో ఆవిడ
నోరు జారి, మన "చిరంజీవ" లాంటి మాటేదో అనేసింది.
ఒక భాష మళ్ళీ బతికింది,
ఆ ఒక్క తుమ్మంత సేపు.

రేవులో గెరాసిమ్ పొలుయానొవ్,
ఇరవై ఏడేళ్ళుగా క్రేను మీద.
జనవరిలో జనమంతా కొండెక్కి
వేడి వేడి అట్లు తింటూ సూర్యుడి కోసం మెడలు సాచే రోజు
ఆయన పైనుంచి అందరికన్నా ముందే చూసేసి
టీ గ్లాసు కడుక్కుని బోర్లించేసుంటాడు.
ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదేం?
"చెబితే వాళ్ళకి పాతబడిపోదూ."

నలుగురే అయ్యారు. శుక్రవారం అయిపోయింది.

సంపాదకుడు లెవ్ అర్కాద్యెవిచ్
ఎర్ర పెన్సిలు మూత కూడా తియ్యలేదు.
"ఆధారాలు?" అన్నాడు. "పతకాలు? పుట్టిన తేదీలు?"
కపితోలీనా తేదీ నా దగ్గరుంది. చెప్పలేదు.
అడ్మిరల్స్ పేజీలోకి తిరిగొచ్చారు,
హాకీ వీరుడు, ఇంజనీరు వెనకే.

కానీ పెద్ద అడ్మిరల్ ఫోటో రేవులో తీసింది.
ఆయన భుజం మీదుగా, ఆకాశమంత చీకట్లో,
గోరంత పసుపు వెలుగు:
క్రేను గది కిటికీ.
ఫోటో కింద రాసే వాక్యం ఎవరూ దిద్దరు,
ఇరవయ్యేళ్ళ ప్రూఫుల్లో నేను నేర్చుకున్నది అదొక్కటే.

అచ్చయింది. చూడండి, పదకొండో పేజీ,
కళ్ళజోడు కావాలి, అక్షరాలు చిన్నవి:
"ముందు నిలబడినవారు, అడ్మిరల్.
వెనక, పనిలో ఉన్నవారు,
గెరాసిమ్ పొలుయానొవ్, నివాసి."