చుక్కల లెక్క

ఆ నెలల్లో నా పని ఫోన్లు చెయ్యడం.
ఫీల్డ్ టెస్ట్ గదికి తాళం వేసి
మెషీన్‌కి దుప్పటి కప్పి వచ్చేశాక
ఇసుకతోటలో మా మేడమీద గదిలోంచి
నీటికాసుల జాబితాలో ఒక్కొక్క పేరూ పిలిచేదాన్ని:
"మీ తారీఖు వాయిదా పడిందండీ.
మళ్లీ మేమే చెబుతాం.
చుక్కలు మాత్రం మానకండి."

నలభై ఏడో పేరు తెడ్డు ఎల్లాజీ, పెదజాలరిపేట.
వలలు బాగుచేసే మనిషి.
"మానకుండా ఎలాగమ్మా, సీసా అడుక్కొచ్చీసింది.
మందుల సాపులో ఈ రకం రాలేదన్నాడు.
పెద్ద బజారుకెల్దామంటే ఆటోల్లేవు.
నడిసెల్తే కర్ర సూపించి ఎనక్కి తోలీసినారు."
ఏం చెప్పాలో నా కాగితంలో లేదు.
పేరు పక్కన టిక్కు పెట్టాను.
టిక్కు అంటే, సమాచారం అందినది.

తర్వాత తెలిసింది
ఆ సీసాని అతనెలా సాగదీశాడో.
ఒకరోజు కుడికంటికి, ఒకరోజు ఎడమకంటికి,
ఇద్దరు పిల్లలకి ఒక్క జామకాయ సర్దినట్టు.
ఆఖరికి ఖాళీ సీసాని అరచేతుల మధ్య వెచ్చబెట్టి
తలకిందులుగా తట్టి
పడిందో లేదో తెలియని తడి కోసం
కాసేపు కళ్లు మూసుకునేవాడట.

నొప్పి లేదు. ఈ జబ్బుతో చిక్కే అది.
పన్నయితే రాత్రంతా అరిచి లేపేది.
ఇది మూలన చుట్టిపెట్టిన వలని
ఎలుక కొరికినట్టు
అంచుల నుంచి, చప్పుడు లేకుండా.

రాత్రుళ్లు ఇసుకలో కూర్చునేవాడు.
వేట లేదు. నీళ్లమీద ఒక్క దీపమూ లేదు.
ఊరిని మూసినట్టే సముద్రాన్నీ మూసేశారనుకున్నాడు.
చీకటి ఎక్కడిదో
ఎవరు అడుగుతారు, అంతా చీకటే అయినప్పుడు?

జూన్ నడిమికి బోట్లు కదిలాయి.
మనవరాలు ధనుశ్రీ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది: పదకొండు.
అతని లెక్క నాలుగు.
"బడి మూసీసరికి లెక్కలు మర్సిపోనావే" అని నవ్వాడు.
మళ్లీ లెక్కపెట్టాడు. నాలుగే.
ఈసారి నవ్వలేదు.

సెప్టెంబరులో గది తెరిచాం.
అందరికీ ముఖమంటే కళ్లే అయిన కాలం.
"గడ్డం ఇక్కడ ఆనించండి. మధ్యలో పసుపు దీపాన్నే చూడండి.
పక్కన ఎక్కడ మినుకుమన్నా బటన్ నొక్కండి."
మాస్కు ఆవిరికి అద్దం మసకేసింది.
ముక్కు మీద ప్లాస్టర్ అంటించాను.
మెషీన్ దీపాలు పెట్టుకుంటూ పోయింది.
అతని బొటనవేలు కదలలేదు.
కదలలేదు.
ఎక్కడా ఏమీ వెలగనప్పుడు ఒకసారి గట్టిగా నొక్కాడు.
మెషీన్ దాన్ని తప్పు కింద రాసుకుంది.
నేనైతే ఏమని రాసేదాన్నో.

పోయినేటి కాగితం పక్కన కొత్త కాగితం.
నలుపు ముక్కువైపు నుంచి బయల్దేరి
నడిమి దాకా వచ్చేసింది.
డాక్టరుగారికంటే ముందు నేనే చూస్తాను.
చెప్పే హక్కు నాకు లేదు.

"మొత్తం ఎన్ని ఎలిగాయమ్మా?"
"యాభై నాలుగు."
"నానెన్ని పట్టినాను?"

కాగితం ఫైల్లో పెట్టాను.
కొత్త సీసా చేతిలో పెట్టి
"రాత్రి తొమ్మిదికి. రెండు కళ్లకీ" అన్నాను.
"ఒకే రాత్రి."

అతను గోడ పట్టుకుని వెళ్లాక
తలుపు దగ్గర నిలబడి
నలభై ఎనిమిదో పేరు పిలిచాను.
బెంచీ మీంచి ఎవరూ లేవలేదు.